కూలర్ కొన్నానంటే అమ్మ సంబరపడింది

పర్లాకిమిడి, మే నెల, ఆదివారం రాత్రి

"కూలర్ కొన్నాను" అని ఫోన్‌లో చెప్పడం నా తప్పే. నిన్న సాయంత్రం బరంపురం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ కిటికీ పక్కన స్టూలు జరిపించి, నేల తుడిపించి చోటు సిద్ధం చేసింది. నీళ్లు పోసే కూలరే అనుకుంది పాపం. నా చంకలో ఉన్న చిన్న అట్టపెట్టె చూసి "ఇంతేనా?" అంది. కంప్యూటర్‌కి అన్నాను. "మనుషులకి లేదు గానీ దానికా!" అని నాన్న మళ్లీ పేపర్లో తల దూర్చాడు.

నిజానికి అది కొన్నది నాన్న నిద్ర కోసమే. పెళ్లి వీడియోల మిక్సింగ్ నా పని. ఇక్కడివీ, బోర్డరు దాటితే పాతపట్నం వైపువీ, వేసవి ముహూర్తాలన్నీ ఒక్కసారి మీద పడతాయి. పగలు ఎడిటింగ్ చేసి, రాత్రి దాన్ని పూర్తి వీడియో ఫైలుగా మార్చే పని (ఎక్స్‌పోర్ట్) పెట్టి వదిలేస్తాను. నాన్న మంచం ఆ గదిలోనే. ఎక్స్‌పోర్ట్ మొదలయ్యాక ప్రాసెసర్ మీది బుల్లి పంఖా గీపెట్టేది. ఒక నిమిషం తగ్గేది, మళ్లీ లేచేది.

"ముప్పై ఏళ్లు మిల్లులో ఇంజను పక్కన పడుకున్నాన్రా, ఏ రోజూ నిద్ర చెడలేదు. అది ఒకే తీరుగా మోగేది. నీది ఏడుపు ఆపి మళ్లీ ఎత్తుకునే పిల్లలా ఉంది" అన్నాడొకసారి. అప్పుడు నవ్వేశాను కానీ, తర్వాత కూలర్ల గురించి నేను చదివినదాంట్లో ఇంతకంటే పనికొచ్చే మాట తక్కువే. చెవిని సతాయించేది మోత ఎంతుందన్నది ఒక్కటే కాదు, అది మారుతూ ఉండటం.

నా ప్రాసెసర్ ఆరు కోర్లది. పెట్టె మీద 65 వాట్లు అని ఉంటుంది గానీ వీడియో పని పడితే 88 దాకా లాగుతుంది. దాంతో పాటు ఉచితంగా వచ్చిన కూలర్ చిన్న అల్యూమినియం దిమ్మ, దాని మీద అరచెయ్యంత పంఖా. చిన్న పంఖా ఎక్కువ గాలి తోలాలంటే వేగంగా తిరగక తప్పదు. వేగం పెరిగితే మోత మామూలుగా పెరగదు. పంఖా వేగం సగానికి తగ్గిస్తే మోత 15 డెసిబెళ్ల దాకా పడుతుందని లెక్క. 10 డెసిబెళ్లు తగ్గితేనే చెవికి సగమైనట్టు ఉంటుంది. అంటే కొనాల్సింది బలమైన పంఖా కాదు, పెద్ద దిమ్మ, దాని మీద తీరిగ్గా తిరిగే పెద్ద పంఖా.

బరంపురం షాపులో కుర్రాడికి ఈ లెక్కలతో పని లేదు. రంగురంగుల లైట్లున్న వాటర్ కూలర్ తీసి బల్ల మీద పెట్టి "శబ్దొ హెబొ నాహి" అన్నాడు, చప్పుడు రాదని ఒడియాలో. ఇందులో పంపు ఉంటుంది కదా, రేడియేటర్‌కి మళ్లీ పంఖాలే కదా, అన్నాను. వాడు నవ్వి తెలుగులోకి దిగాడు: "అయితే మీకు గాలిదే మంచిది సార్." నోక్టువా కూడా చూపించాడు. ఆస్ట్రియా కంపెనీ, ఆ గోధుమరంగు పంఖాలు. మంచివే, కానీ ఆ డబ్బుతో నాకో మెమరీ కార్డు వస్తుంది. పైగా వాళ్ల పెద్దది, ఎన్‌హెచ్-డీ15, 165 మిల్లీమీటర్ల ఎత్తు. నా క్యాబినెట్‌లో పట్టేది 160. వెళ్లేముందు అమ్మ జాకెట్లు కొలిచే టేపుతో ప్రాసెసర్ పైనుంచి తలుపు దాకా కొలిచిపెట్టుకున్నాను. చివరికి డీప్‌కూల్ ఏకే400 తీసుకున్నాను. 155 ఎత్తు, నాలుగు రాగి గొట్టాలు, 120 మిల్లీమీటర్ల పంఖా.

ఇవాళ పొద్దున్న టిఫిన్ అయ్యాక పని మొదలుపెట్టాను. పాత కూలర్ పీకేముందు పది నిమిషాలు వీడియో ఎక్స్‌పోర్ట్ నడిపి మెషీన్ వేడెక్కనిచ్చి, ఆపి, ప్లగ్ తీశాను. ఇది మా పాతపట్నం నేస్తం నేర్పిన పాఠం. వాడు చల్లగా ఉన్నప్పుడే లాగితే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దాటడానికి పూసే పేస్టు ఎండి పట్టుకుని ప్రాసెసరే సాకెట్లోంచి ఊడొచ్చింది, అడుగున పిన్నులు వంగిపోయాయి. సూదితో ఒక్కొక్కటీ నిలబెట్టుకున్నాడు. వేడి మీద మెల్లగా అటూ ఇటూ తిప్పితే నాది పట్టు వదిలింది. దిమ్మ రెక్కల మధ్య ఎర్రటి దుమ్ము పేరుకుని కంబళిలా ఉంది. సగం మోతకి అదే కారణమై ఉంటుంది. మొదటే దులిపి ఉంటే ఈ డబ్బు మిగిలేదా అని ఒక క్షణం అనిపించింది. ఆ ఆలోచనని ఎక్కువసేపు నిలవనివ్వలేదు.

స్క్రూలు విప్పితే బోర్డు వెనకున్న ప్లేటు జారిపోతుంది. కొత్తదానికీ అదే కావాలి. నాన్నని పిలిచాను. వెనకనుంచి చెయ్యి పెట్టి పట్టుకుని, ఊరుకోకుండా "ఆ గొట్టాల్లో ఏముంటుందిరా?" అన్నాడు.

"కొంచెం నీళ్లు."

"నీళ్లే?"

లోపల గాలి తీసేసి ఉంటారు కాబట్టి తక్కువ వేడికే ఆవిరవుతాయి, పైకెళ్లి రెక్కల దగ్గర చల్లబడి మళ్లీ నీళ్లవుతాయి, గొట్టం లోపలి పొర వాటిని దీపం వత్తి నూనె పీల్చినట్టు కిందికి లాగుతుంది అని చెప్పాను. "ఇడ్లీ పాత్ర మూత" అన్నాడు. అంతే.

హీట్‌సింక్‌కి తెలుగేమిటని కూడా అడిగాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని నిఘంటువు కట్టిన ఊరు మాది. నాకు మాత్రం "దిమ్మ" తప్ప ఇంకోటి తోచలేదు.

ప్రాసెసర్ని ఐపీఏతో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి (మొబైల్ రిపేర్ షాపులో దొరుకుతుంది), బఠాణీ గింజంత పేస్టు పెట్టి, స్క్రూలు ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించాను. పంఖాని పట్టే తీగ క్లిప్పు చూపుడు వేలు కోసింది. పసుపు పెట్టి అమ్మ ఇంకోసారి కూలర్ సంగతి ఎత్తింది.

మధ్యాహ్నం గదిలో 36 డిగ్రీలు. ఏ కూలరైనా గదిలోని గాలినే తోలాలి, అంతకంటే చల్లబరచలేదు. ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే ప్రాసెసర్ వేడి పాతదాంతో 89 దగ్గర ఉండేది, ఇప్పుడు 74. పంఖా నిమిషానికి వెయ్యి చుట్లకి అటూ ఇటూగా తిరుగుతోంది. అసలు పని మాత్రం బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో చేశాను. వేడి ఒక్క డిగ్రీ కదలగానే పంఖా ఎగిరిపడకుండా, కొన్ని సెకన్లు ఆగి వేగం మార్చేలా పెట్టాను, ఎంత వేడికి ఎంత వేగం అని చూపే గీతని 75 డిగ్రీల దాకా దాదాపు సమంగా గీశాను. నాన్న ఇంజను లాగా, ఒకే తీరు.

రాత్రి పదిన్నరకి టెక్కలి వాళ్ల పెళ్లి ఎక్స్‌పోర్ట్ పెట్టాను. మూడు గంటల వీడియో. ఇది రాస్తూ కూర్చున్నాను. ఇందాక ఒంటిగంటకి నాన్న లేచి నీళ్లు తాగి, నా దగ్గరికొచ్చి ఆగాడు.

"ఆగిపోయిందేట్రా?"

"లేదు నాన్నా, నడుస్తోంది."

నమ్మలేదు. వంగి క్యాబినెట్ వెనక అరచెయ్యి పెట్టి చూశాడు. "వస్తోంది వేడి" అని వెళ్లి పడుకున్నాడు.