విల్లా, వుడ్డా? బ్యాంకు పరీక్షకు చదువుతూ ఇఫ్ వాక్యాలను దారికి తెచ్చుకున్న వైనం

నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కి చేరినప్పుడు నన్ను భయపెట్టింది లెక్కలు కాదు, ఇంగ్లిష్. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాలకి పెట్టే ఐబీపీఎస్ పీవో పరీక్ష ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కి 30 ప్రశ్నలు, 20 నిమిషాలు, తప్పు పెడితే పావు మార్కు కోత. ఇఫ్‌తో మొదలయ్యే వాక్యం కనబడితే దాన్ని వదిలేసి పక్క ప్రశ్నకి పోయేదాన్ని.

క్లాసులో చెప్పే పట్టిక తెలిసిందే. ఇఫ్ ముక్కలో ప్రెజెంట్ ఉంటే రెండో ముక్కలో విల్, పాస్ట్ ఉంటే వుడ్, హాడ్ పక్కన క్రియ మూడో రూపం వస్తే వుడ్ హావ్. తప్పులు పట్టే ప్రశ్నలకి అది చాలు. ‘ఇఫ్ హి విల్ కమ్’ అని కనబడగానే తప్పని గుర్తు పెట్టేయొచ్చు. ‘ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్’ అని మర్యాదగా అడగడం లాంటివి మినహాయింపు, అవి మాటల్లోనే ఎక్కువ. చిక్కంతా ఖాళీలు పూరించేటప్పుడే. వుడ్, కుడ్, మైట్ మూడూ పట్టికలో ఒకే గడిలో ఉంటాయి. వాటిలో ఏది పెట్టాలో పట్టిక చెప్పదు.

దారి దొరికింది మాత్రం స్కూల్లో చదివిన తెలుగు వ్యాకరణంలో. షరతు చెప్పే చేదర్థకం గుర్తుందా? వర్షాలు కురిస్తే పంటలు పండుతాయి. జరిగేదానికైనా జరగనిదానికైనా ఆ ‘తే’ చెక్కుచెదరదు, విషయమంతా వాక్యం చివరి క్రియలోనే. పిలిస్తే వస్తాను అంటే విల్. రాగలను అంటే కెన్. రావచ్చు అంటే మే. పిలిస్తే వచ్చేదాన్ని అంటే పిలవనూ లేదు, రానూ లేదు కాబట్టి వుడ్ హావ్. రాగలిగేదాన్ని అంటే కుడ్ హావ్, వచ్చేదాన్నేమో అంటే మైట్ హావ్. ఖాళీ కనబడితే ముందు వాక్యాన్ని తెలుగులో అనుకుని దాని తోక చూడటం మొదలుపెట్టాను.

ఈ కిటుకు అన్నిచోట్లా పారదు. డబ్బుంటే కొనేదాన్ని అన్నామనుకోండి, డబ్బు లేనిది ఇప్పుడా, పోయినేడా? తెలుగులో వినేవాళ్లు సందర్భాన్నిబట్టి పట్టుకుంటారు, ఇంగ్లిష్ మాత్రం తేల్చి చెప్పమంటుంది. ఇప్పుడైతే ‘ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్’. అప్పుడైతే ‘ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్ ఇట్’. అందుకే రఫ్ షీటు మీద ఒక్కో ముక్కకి ‘ఇ’ అనో ‘అ’ అనో రాసుకునేదాన్ని. అప్పుడు బాగా చదివి ఉంటే ఈపాటికి ఉద్యోగంలో ఉండేదాన్ని అనే వాక్యానికి మొదటి ముక్క ‘అ’, రెండోది ‘ఇ’. అంటే ఇటు హాడ్ స్టడీడ్, అటు వుడ్ బి. పట్టికని బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే వుడ్ హావ్ పెట్టి మార్కు పోగొట్టుకుంటారు.

ఇంకో చోట తోక మరీ మోసం చేస్తుంది. నేనే నీ స్థానంలో ఉంటే ఒప్పుకోను అంటాం. చూడ్డానికి విల్ లాగే ఉంటుంది, కానీ నేను నువ్వు కావడం జరిగే పని కాదు కాబట్టి ‘వుడ్ నాట్’. నన్నడిగితే విల్, వుడ్ లాంటి మోడల్ క్రియల ఎంపికంతా ఇక్కడే ఉంది. జరుగుతుందని మాట్లాడేవాళ్లు నమ్ముతున్నారా లేదా అన్నదే ముఖ్యం. ఉద్యోగమొస్తే అమ్మకి గాజులు చేయిస్తాను అన్న మాటని మా రూమ్మేట్ ఇంగ్లిష్‌లో ‘ఇఫ్ ఐ గాట్ ద జాబ్, ఐ వుడ్’ అని మొదలుపెట్టేది. గ్రామర్ తప్పేమీ లేదు. “వుడ్ ఏంటే, పరీక్ష రాయకుండానే ఆశ వదిలేశావా? విల్ అను” అని కసిరేదాన్ని.

మెయిన్స్‌లో లెటర్ రాయాల్సినప్పుడు ఇఫ్ తీసేసి షుడ్‌ని ముందుకు తెచ్చే పద్ధతి అక్కరకొచ్చింది. ‘షుడ్ యు నీడ్ ఎనీ ఫర్దర్ డాక్యుమెంట్స్’ అని ఒక్క వాక్యం పడితే లెటర్‌కి ఆఫీసు కళ వస్తుంది.

ఇంటర్వ్యూలో అప్పు కట్టనని మొండికేసే కస్టమర్ గురించి అడిగారు, ‘వాట్ వుడ్ యు డూ’ అని. వుడ్‌తో అడిగితే వుడ్‌తోనే చెప్పాలి కాబట్టి ‘ఐ వుడ్ ఫస్ట్ ఫైండ్ అవుట్ వై’ అని అందుకున్నాను. వెంటనే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీల మీదికి వెళ్లారు. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. అది ఊహ కాదు, రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందుకని విల్, వుడ్ రెండూ పక్కన పెట్టి ‘ద అకౌంట్ బికమ్స్ ఎన్‌పీఏ’ అన్నాను.