సిరా ఆరేదాకానే: మన లిఖిత పత్రికలో దెయ్యాల బొమ్మల కథ

మన బడి లిఖిత పత్రిక చదివినవాళ్లకు ఆ బొమ్మల కథ గుర్తుండే ఉంటుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి, కామిక్సు గీస్తుంది. ఆమె గీసింది మనుషుల మీద పనిచేయదు, దెయ్యాల మీదే పనిచేస్తుంది. గోడ మీద తలుపు గీస్తే దెయ్యానికి అది తలుపే, తాళం గీస్తే తాళమే. ఒకటే షరతు: సిరా తడి ఆరేదాకానే. ఆరిందంటే అది ఉత్త గీత. బ్యాచి తర్వాత బ్యాచి ఈ కథను కొనసాగించింది. ఇప్పటి పిల్లలు మళ్లీ మొదలుపెడతామంటున్నారట. అందుకని ఎవరు ఏ భాగం గీశారన్న చరిత్ర పక్కనపెట్టి, దాన్ని ఎలా గీసేవారో రాస్తున్నాను.

ముందు ఆ షరతు సంగతి. దెయ్యానికి నియమం లేకపోతే కథ రెండో పేజీకే చప్పబడిపోతుంది. బేతాళుడి బలమంతా నియమంలోనే ఉంది. జవాబు తెలిసి చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. 1947 జులైలో మొదలైన చందమామలో ఈ కథలకు బొమ్మ అనగానే గుర్తొచ్చేది శంకర్ గారు. మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదివి, 1952లో చందమామలో చేరారు. 2020లో పోయారు, మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. చేత కత్తి, భుజాన శవంతో నడిచే ఆ విక్రమార్కుణ్ణి మన డ్రాయింగు గదిలో చూసి గీయనివాళ్లు లేరు. ఆ బొమ్మలో చూడాల్సింది బేతాళుణ్ణి కాదు, రాజును. అడుగు ఎక్కడ పడింది, బరువు ఏ కాలి మీద ఉంది, నగ ఎక్కడ వేలాడుతోంది అన్నవన్నీ కచ్చితంగా ఉంటాయి. మనిషి అంత గట్టిగా నేల మీద నిలబడ్డాడు కాబట్టే పక్కనున్నది దెయ్యమని నమ్ముతాం. మన పిల్లలు సాధారణంగా దీనికి తలకిందులు చేస్తారు. కోరలూ జుట్టూ గంటసేపు గీసి, ఇంటి గుమ్మాన్ని రెండు గీతల్లో తేల్చేస్తారు.

మన కథకు బీజం మాత్రం బేతాళుడు కాదు, తలుపుల మీది రాత. ‘ఓ స్త్రీ రేపు రా’ అని 1990లలో మన ఊళ్లలో ఎన్ని తలుపుల మీద ఉండేదో పెద్దవాళ్లందరికీ తెలుసు. కర్ణాటకలో ‘నాళె బా’ అని రాసుకునేవారు. రాత్రి తలుపు తట్టే దెయ్యం అది చదివి వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుంది. రాసిందానికి దెయ్యం కట్టుబడుతుందన్న నమ్మకం మన దగ్గర తయారుగా ఉంది. అమ్మాయి చేతికి కుంచె ఇస్తే చాలు, కథ నడుస్తుంది.

అసలు చిక్కు గీతలో వస్తుంది. కామిక్సులో ఊరూ బొమ్మే, దెయ్యమూ బొమ్మే, అమ్మాయి గీసిన తాళమూ బొమ్మే. ఏది ఎవరు గీసిందో పాఠకుడికి తెలిసేదెలా? అందుకే మూడు రకాల గీతలు పెట్టుకున్నారు.

ఊరికీ మనుషులకూ పాళీ గీత. అంచులన్నీ కలిసి ఉండాలి, ప్రతి వస్తువుకూ నీడ పడాలి. దెయ్యానికి అంచు గీతే ఉండదు, నీడా ఉండదు. దాన్ని పొడి కుంచెతో లాగాలి. 2వ నంబరు కుంచెను సిరాలో ముంచి, చిత్తుకాగితం మీద గీత విరిగేదాకా తుడిచి, కుంచెను బాగా వాల్చి ఒక్క దిశలో లాగాలి. తడి ఎక్కువైతే ముద్ద అవుతుంది, తక్కువైతే కాగితం గీసుకుపోతుంది. అందుకే అసలు షీటు మీద పెట్టేముందు పక్కన ఒక లాగు లాగి చూసుకోవాలి. మోకాళ్ల కింద గీయకుండా వదిలేస్తే సరిపోతుంది. వెనక్కి తిరిగిన పాదాలు కావాలంటే మాత్రం ఆ పాదాలను పాళీతో, శుభ్రంగా గీయండి. మసకగా ఉంటే తిరిగినట్టే తెలియదు.

మూడోది అమ్మాయి గీత. 6వ నంబరు కుంచె, నిండు సిరా, 3 మి.మీ. మందం. తడి ఉన్నంతసేపు గీత నడుమ సన్నని తెల్ల చార వదలాలి, అది మెరుపు. ఆరుతున్నకొద్దీ గడి (పేజీలో ఒక్కో బొమ్మ చట్రం) మారినప్పుడల్లా ఆ చారను కురచ చేస్తూ పోవాలి. చార మాయమైన గడిలో తాళం ఊడుతుంది. పాఠకుడికి మాటల్లో చెప్పనక్కర్లేదు, గడియారం గీయనక్కర్లేదు. ఆమె గీయడం మొదలుపెట్టే మొదటి గడిలో మాత్రం కుంచె మొన గీత చివరను తాకుతూ కనిపించాలి. లేకపోతే ఆ తాళం గోడకు ముందునుంచే ఉందనుకుంటారు.

షీటు ఏ3, జిరాక్సులో 71 శాతానికి తగ్గిస్తే ఏ4. చుట్టూ 15 మి.మీ. అంచు, గడుల మధ్య 6 మి.మీ. ఖాళీ వదిలితే పేజీకి ఆరు గడులు, ఒక్కొక్కటి సుమారు 130 x 126 మి.మీ. వస్తుంది. గీత 0.3 మి.మీ. కంటే సన్నం వద్దు, తగ్గించాక తెగిపోతుంది. సిరా నీటికి చెదరని ఇండియన్ ఇంకే కావాలి. ఫౌంటెన్ పెన్ను సిరా మీద తెల్ల పోస్టర్ కలర్ వేస్తే కిందిది కరిగి తెలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. కొత్త పాళీకి నూనె పూత ఉంటుంది, సిరా నిలవదు, బొట్లు కడుతుంది. తడి గుడ్డతో గట్టిగా తుడిస్తే సరి. పెన్సిలు గీతలు చెరపడానికి తొందరపడొద్దు. పైకి ఆరినట్టు కనిపించినా మందపు గీతలు లోపల తడిగానే ఉంటాయి, రబ్బరు పెడితే పేజీ అంతా పాముకుంటుంది.

రాత్రి ఆకాశాన్ని నల్లగా నింపేయాలనిపిస్తుంది. పాత జిరాక్సు మిషన్లలో పెద్ద నలుపు అంచుల దగ్గర చిక్కగా, నడిమధ్యన వెలిసిపోయి వచ్చేది. అందుకే మన పత్రికలో రాత్రులన్నీ అడ్డగీతల అల్లికతో ఉంటాయి, శైలి కోసం కాదు. ఇప్పటి మిషన్లకు ఆ బాధ లేదు గానీ, అల్లిక మీద పొడి కుంచె దెయ్యం బాగా కలుస్తుంది కనుక అలాగే ఉంచమంటాను.

ఇక అక్షరాలు. బొమ్మ అయ్యాక మిగిలిన చోట మాటలు ఇరికించడం అందరూ చేసే పని. తెలుగుకు అది కుదరదు. ‘స్త్రీ’ రాసి చూడండి: పైన గుడి దీర్ఘం, కింద తవత్తు, దాని పక్కన రవత్తు. పంక్తికి 12 మి.మీ. కావాలి: పైన గుణింతానికి 3, అక్షరానికి 5, ఒత్తుకు 4. మూడు పంక్తులూ, పైనా కిందా 3 చొప్పున ఖాళీ కలిపి 42 మి.మీ., అంటే గడి ఎత్తులో మూడోవంతు. మాటలు రాసే బుడగ 80 మి.మీ. వెడల్పుంటే పంక్తికి పన్నెండు అక్షరాలకు మించి పట్టవు. మొత్తం తొమ్మిది మాటలకు దాటితే దాన్ని రెండు గడులకు పంచాలి, లేదా కోయాలి. కోయడమే మంచిది, దెయ్యాలు ఉపన్యాసాలు ఇవ్వకూడదు. బుడగలు ముందు రాసి, ఆ తర్వాతే బొమ్మకు పెన్సిలు పట్టండి. మొదట మాట్లాడేవాళ్లు ఎడమవైపు ఉండాలి, లేదంటే బుడగ తోకలు ఒకదాన్నొకటి దాటుతాయి.

దెయ్యం మొదటిసారి కనిపించే గడి ఎడమ పేజీ మొదట్లో రావాలి, పేజీ తిప్పగానే ఎదురుపడేలా. గోడపత్రికగా అంటిస్తే ఈ ఎత్తు పారదు. పేజీలన్నీ ఒకేసారి కనిపిస్తాయి, దూరంనుంచే కన్ను దెయ్యం మీద పడుతుంది. గోడకైతే మొదటే చూపించేసి, ఎందుకొచ్చిందన్నది దాచుకోవడం నయం.

పాత మూలచిత్రాలు ఇళ్లలో ఉన్నవాళ్లకు ఒక మనవి. సెల్లోటేపు అంటించి ఉంటే పీకకండి, పొర లేచిపోతుంది. లామినేషన్ అసలే వద్దు. స్కాన్ చేయించేటప్పుడు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), గ్రేస్కేల్ (బూడిద ఛాయలతో) అని అడగండి. షాపువాళ్లు ఉత్త నలుపు తెలుపులో చేసిస్తే పాళీ గీతలు బాగానే వస్తాయి గానీ, పొడి కుంచె దెయ్యాలు సగం ఎగిరిపోతాయి.