పోతపాల పిల్లలు: తోడుకోని నాలుగో విడత

గొర్రెపిల్లలకు పట్టేందుకు తోడుపెడుతున్న పాలు నాలుగో విడతలో కూడా తోడుకోలేదు. ఈ ఉదయం ఐదున్నరకు ఎస్కీ (చల్లదనాన్నీ వేడినీ నిలిపి ఉంచే పెట్టె) మూత తీసి గిన్నెను కొంచెం వంచి చూస్తే, పది గంటల పాటు వెచ్చగా దాచిన రెండు లీటర్ల పాలు నిన్న రాత్రి పోసినంత పలుచగానే అంచు దాకా జారి వచ్చాయి. రోజూ పెరుగు తోడుపెట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి, గొర్రెపిల్లల పాలపొడి దగ్గర ఇంతగా ఓడిపోతానని అనుకోలేదు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బల్లారట్ దగ్గరి మా ఐదెకరాల స్థలంలో పాడీలను పెంచడం నాకు ఇది రెండో శీతాకాలం. తల్లి చనిపోయిన, లేదా తల్లి దగ్గరకు రానివ్వని దూడనో గొర్రెపిల్లనో సీసాతో పాలు పట్టి పెంచుతుంటే దాన్ని ఇక్కడి పల్లెల్లో ‘పాడీ’ అంటారు. గుర్రప్పిల్లకు కూడా ఆ మాట వాడతారు. పక్క పొలం రైతు నోట మొదటిసారి విన్నప్పుడు మన ‘పాడి’ అనుకుని, పాలిచ్చే పశువు గురించి చెబుతున్నాడని పొరబడ్డాను; తీరా చూస్తే అది పాలు తాగే పశువు. పాడీ దూడ, పాడీ గొర్రెపిల్ల అని విశేషణంగానూ, చేత్తో పాలు పట్టి పెంచడమనే అర్థంలో క్రియగానూ వాడటం విన్నాను. ఇంకా ముద్ర వేయని దూడలను దొంగిలించి తన మందలో కలుపుకునేవాణ్ణి పూర్వం ‘పాడీ డాడ్జర్’ అనేవారట. మన ‘పోతపాల పిల్ల’ ఈ అర్థానికి దగ్గరగా ఉన్నా, ఆ మాటలో దొంగలకు చోటు లేదు. ఈ భాషాచర్చకు కారణముంది: ఇదే పిల్లను అమెరికా గొర్రెల కాపరులు ‘బమ్మర్’ అనీ ‘బాటిల్ బేబీ’ అనీ, ఇంగ్లండులో కొన్నిచోట్ల ‘కేడ్’ అనీ అంటారు. ఒక్క పాడీ అన్న మాటతోనే వెతుకుతూ కూర్చున్నందువల్ల కడుపు ఉబ్బు గురించి ఇతర దేశాలవాళ్లు రాసినదంతా నాకు ఆలస్యంగా దొరికింది.

ఆ ఆలస్యానికి మూల్యం గత వారం చెల్లించాను. నేను పెంచుతున్న మూడు గొర్రెపిల్లల్లో పెద్దది, 15 రోజుల వయసున్నది, సాయంత్రం 350 మిల్లీలీటర్లు ఆత్రంగా తాగిన గంటకే పొట్ట డోలులా బిగిసి, పళ్లు కొరుకుతూ, రెండు గంటల్లో చనిపోయింది. జీర్ణాశయంలోని నాలుగో గదిలో, అంటే అబొమేజంలో, వెచ్చని తీపి పాలు ఒక్కసారిగా చేరితే సార్సినా, క్లాస్ట్రీడియం వంటి సూక్ష్మజీవులు విజృంభించి వాయువు పుట్టిస్తాయని పశువైద్యులు భావిస్తారు. పాలను ముందే పులియబెట్టి పడితే ఈ ముప్పు తగ్గుతుందని ఇక్కడ చాలామంది పెంపకందారులు అదే పద్ధతి పాటిస్తున్నారు. నిన్నటి పెరుగులో కొంత దాచి రేపటికి తోడు వేయడమే దాని కిటుకని పక్క రైతు ఎంతో రహస్యంలా చెప్పినప్పుడు నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

మొదటి విడతలో లీటరుకు 200 గ్రాముల పొడి చొప్పున రెండు లీటర్లు కలిపి, 43 డిగ్రీల వద్ద 30 గ్రాముల తోడు వేసి, రెండు వేడినీళ్ల సీసాలతో ఎస్కీలో పెట్టాను. పది గంటలకు వేడి 31కి దిగింది. పాలు పాలుగానే ఉన్నాయి. చలిదే తప్పనుకుని రెండోసారి తోడు 60 గ్రాములు చేసి, ఎస్కీకి కంబళి చుట్టాను. తొమ్మిది గంటల తర్వాత కూడా 38 ఉన్నా, పైన ఒకటిన్నర సెంటీమీటర్ల కొవ్వు పొర, కింద ఆకుపచ్చని నీరు తేరాయి తప్ప గడ్డ కట్టలేదు. మూడోసారి తోడు మార్చాను. తియ్యగా, పండ్ల ముక్కలతో అమ్మే పెరుగులు ఈ పనికి పనికిరావు. డబ్బాలోనే తోడుకున్న జాల్నా బ్రాండు పెరుగు మీద నాకు నమ్మకం ఎక్కువ. అదీ ఫలించలేదు.

నిన్నటి విడతలో పాలను 85 డిగ్రీల దాకా కాచి, చల్లార్చి, 100 గ్రాముల తోడు వేయడంతో పాటు, అదే ఎస్కీలో అదే తోడుతో అర లీటరు దుకాణం పాలను పక్కన ఉంచాను. ఈ ఉదయం ఆ చిన్న సీసాలో చెంచా నిలబడేంత గట్టి పెరుగుంది. కనుక తోడూ వేడీ నిర్దోషులు. పొడిలో యాంటీబయోటిక్ ఉందేమోనని తర్వాతి అనుమానం. కానీ పులుపు కొలిచే పీహెచ్ పట్టీ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ముంచితే మొదట 6.5 ఉన్న పాలు 4.5 చూపించాయి, తోడులోని సూక్ష్మజీవులు చచ్చి ఉంటే అంత పులుపు రాదు. అప్పుడు సంచి వెనకాల ఉన్న చిన్న అక్షరాలను మొదటిసారి శ్రద్ధగా చదివాను. వే పొడి, వే ప్రొటీన్, వనస్పతి కొవ్వులు. వెన్న తీసిన పాలపొడి మాటే లేదు. పెరుగును గట్టిపరిచేది కేసీన్ అనే పాల ప్రొటీన్. చీజ్ తయారీలో కేసీన్ గడ్డకట్టి వేరైపోగా మిగిలిన తేట నీరే వే. అంటే నాలుగు రాత్రులు నేను తేటను తోడుపెట్టి గడ్డ కోసం ఎదురుచూశానన్నమాట.

పులుపు చాలునా, గడ్డ కట్టడం కూడా అవసరమా అన్నది ఇంకా తేల్చుకోలేదు. గడ్డ కట్టినది కడుపులోంచి నెమ్మదిగా దిగుతుంది గనుక రెండూ కావాలనే నా ఊహ. ప్రస్తుతానికి ఈ పులిసిన పాలనే నాలుగో వంతుగా మామూలు పాలల్లో కలిపి, రోజుకు నాలుగుసార్లు 220 మిల్లీలీటర్ల చొప్పున పడుతున్నాను. మిగిలిన రెండింటిలో ఆడ గొర్రెపిల్ల, 5.6 కిలోలు, మొత్తం తాగింది. చిన్నది 40 మిల్లీలీటర్లు తాగి మూతి తిప్పేసింది.

వెన్న తీసిన పాలపొడి మొదటి పదార్థంగా ఉన్న సంచి శనివారం తేవాలి. ధర ఎక్కువే, కానీ వే పొడి ఇక కొనను. గట్టి పెరుగు ప్రిచర్డ్ పాలపీకలోంచి దిగాలంటే రంధ్రం కొంచెం పెద్దది చేయాలి. ఆ పీక మాత్రం మామూలు కూల్‌డ్రింక్ సీసాకు ఇట్టే బిగుస్తుంది, దానికి సాటి నాకు దొరకలేదు. ఆరు వారాలకు పాలు మాన్పించగలిగితే, వసంతంలో ఒక పాడీ దూడను తెచ్చుకోమని పక్క రైతు అంటున్నాడు. దానికి రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి గనుక ముందుగా పెద్ద ఎస్కీ చూడాలి.