0.66 పోగొట్టుకుని నేర్చుకున్న టెస్ట్ బ్యాన్ చాప్టర్

సివిల్స్ మాక్ టెస్టులో "1963 పాక్షిక అణుపరీక్షల నిషేధ ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు" అని ఉంటే, ఆలోచించకుండా కరెక్ట్ అని పెట్టేశాను. ఎన్‌పీటీకి (అణ్వాయుధాల వ్యాప్తి నిరోధక ఒప్పందం) నో, సీటీబీటీకి (సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం) నో, ఇదీ నోనే అని నా లెక్క. రెండు మార్కులు రాకపోగా 0.66 కోత. తీరా చూస్తే, ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ సంతకాలు చేసిన మూడు రోజులకే మనమూ చేశాం.

ఆ రాత్రి గోడ మీది చార్టు పీకేసి 1954 నుంచి మళ్లీ చదివాను. మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా పేల్చిన బాంబు 15 మెగాటన్నులు, వాళ్లు అనుకున్నదానికి రెండింతలకు పైనే. ప్రమాద ప్రాంతమని ప్రకటించిన హద్దుకు అవతల ఉన్న జపాన్ చేపల పడవ మీద కూడా తెల్లటి బూడిద రాలింది. అందులో ఉన్న 23 మందికీ జబ్బు చేసింది, ఒకాయన సెప్టెంబరులో చనిపోయారు. ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో పరీక్షలు నిలిపేయాలని అడిగారు. ఇది తెలిసినవాడు నాలాగా ఆ బిట్ తప్పు పెట్టడు!

తర్వాత నోట్సులో ప్రతి ఒప్పందం పక్కన ఒకే ప్రశ్న రాసుకున్నాను: ఏం వదిలేశారు? 1963లో గాలి, నీరు, అంతరిక్షం మూశారు, భూగర్భం వదిలేశారు. భూమి లోపల పేలిందో భూకంపమో తేలాలంటే వెళ్లి చూడాలి. ఏడాదికి ఏడు తనిఖీలైనా ఉండాలని అమెరికా, మూడుకు మించి కుదరదని సోవియట్లు. బేరం అక్కడే చెడింది. 1974లో మన పోఖ్రాన్ అణుపరీక్ష భూగర్భంలో జరిగింది కాబట్టే మనం మాట తప్పినట్టు కాలేదు. మెయిన్స్‌లో ఈ ఒక్క లింకు రాస్తే జవాబుకు బరువొస్తుంది.

సీటీబీటీలో నన్ను బాగా తిప్పలు పెట్టింది 14వ అధికరణం. పేరు పెట్టి చెప్పిన 44 దేశాలూ ధ్రువీకరిస్తేనే, అంటే సంతకం చేశాక స్వదేశంలో ఆమోదం కూడా పూర్తి చేస్తేనే, అమలు. 1996లో జెనీవాలో మన రాయబారి అరుంధతీ ఘోష్ గట్టిగా అడ్డుపడ్డది ఈ షరతుకే కాదు, నిరాయుధీకరణకు గడువు లేకపోవడానికి కూడా. 1999లో అమెరికా సెనేట్ తిరస్కరించింది, 2023లో రష్యా ధ్రువీకరణ వెనక్కి తీసుకుంది. సంతకానికీ ధ్రువీకరణకూ తేడా ఇక్కడే అడుగుతారు.

2017 నాటి అణ్వాయుధ నిషేధ ఒప్పందాన్ని మాత్రం వేరే పేజీలో రాసుకోండి. అది నిషేధించింది పరీక్షల్ని మాత్రమే కాదు, ఆయుధాలనే. నేను రెండూ ఒకే పేజీలో రాసి, రెండో మాక్‌లో మళ్లీ 0.66 సమర్పించుకున్నాను.