క్లింగాన్ల నుదురు, రావణుడి జుట్టు

స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష కథల్లో మా అమ్మాయికి పరిచయమైంది 2017లో వచ్చిన ‘డిస్కవరీ’ సిరీస్. నాకేమో ఎనభైల్లో దూరదర్శన్‌లో వేసిన పాత సిరీస్‌తో. అందుకే ఆ కథల్లోని యోధజాతి గ్రహాంతరవాసులు క్లింగాన్లు అనగానే మా ఇద్దరి కళ్లముందు కదిలే మొహాలు వేరు. నావాళ్లు దాదాపు మనుషుల్లాగే ఉంటారు. ముదురు రంగు మేకప్, గుబురు కనుబొమలు, గడ్డాలు, అంతే. తనవాళ్లకి బోడిగుండు, వెనక్కి సాగిన తల.

ఆ కొత్త రూపం చూసి పాత అభిమానులు చేసిన గోల అంతా ఇంతా కాదు. నేనూ గొంతు కలిపాను. నుదుటి మీద గట్లంటే సరే, జుట్టేది? పైగా అంత మేకప్ కింద పాపం నటుల మాట కూడా ముద్దముద్దగానే వచ్చేది.

“గట్లు మాత్రం మొదటి నుంచీ ఉన్నాయా అమ్మా?” అంది.

లేవు. అరవైల నాటి సిరీస్‌లో అంత మేకప్‌కి డబ్బుల్లేవు. 1979 సినిమాతో వచ్చాయి, ఆ తర్వాత అవే అసలు రూపమైపోయాయి. 1996లో ‘డీప్ స్పేస్ నైన్’ అనే మరో స్టార్ ట్రెక్ సిరీస్ ఎపిసోడ్ ఒకదానిలో, నుదుటి మీద గట్లున్న క్లింగాన్ వోర్ఫ్ కాలంలో వెనక్కి వెళ్లి ఆ పాత క్లింగాన్ల మధ్య నిలబడతాడు. వీళ్లేంటి ఇలా ఉన్నారని తోటివాళ్లు అడిగితే, ఆ సంగతి మేం బయటివాళ్లతో మాట్లాడుకోం అంటాడు. మన ఇళ్లలో పెద్దవాళ్ల జవాబే! 2005లో ‘ఎంటర్‌ప్రైజ్’ అనే ఇంకో స్టార్ ట్రెక్ సిరీస్ వాళ్లు దీనికి వైరస్ కారణమని ఓ కథ అల్లారు. మా ఇద్దరి ఓటూ వోర్ఫ్‌కే.

2019లో డిస్కవరీ రెండో సీజన్లో క్లింగాన్లకి జుట్టు తిరిగొచ్చింది. యుద్ధం కోసం గుండు చేయించుకున్నారట, యుద్ధం అయిపోయింది కాబట్టి పెంచుకున్నారట. ఈసారి కోపం మా అమ్మాయికి. “మీరంతా అరిచారని మార్చేశారు” అని నామీదే విరుచుకుపడింది. తనకి గుండే ఒరిజినల్ మరి.

2022 అక్టోబర్లో ‘ఆదిపురుష్’ టీజర్ వచ్చింది. వీడియో కాల్లో మా నాన్న ఒకటే బాధ. రావణుడికి ఆ పొట్టి జుట్టేంటి, ఆ గడ్డమేంటి అని. అమెరికాలో పుట్టిన పిల్ల, ఇదంతా చాదస్తమనుకుంటుందేమోనని నాకు టెన్షన్. అదేమో బుద్ధిగా కూర్చుని, “తాతయ్యా, నువ్వు మొదట చూసిన రావణుడెవరు?” అనడిగింది. ఇక చూడండి! ‘భూకైలాస్’లో ఎన్టీఆర్ దగ్గర మొదలై, 1961 ‘సీతారామ కళ్యాణం’ మీదుగా, ‘సంపూర్ణ రామాయణం’లో ఎస్వీ రంగారావు దాకా వెళ్లారాయన. ఒక్క రావణుడికే ఇన్ని మొహాలా అని అది నోట్సు రాసుకుంది.

తర్వాత నేనే చెప్పాను, తాతయ్యకి రామాయణం సీరియల్ కాదు, భక్తి అని. “రావణుడు దేవుడు కాదుగా. మరి ఆయన జుట్టు గురించే ఎందుకంత బాధ?” అంది. ఆ ప్రశ్న నేరుగా ఆయన్నే అడగమన్నాను. అడిగింది. “రాక్షసుడైనా రాజు కదమ్మా, రాజులా కనిపించొద్దూ?” అన్నారు.

క్లింగాన్ల విషయంలో నా గోలా అదే. నేను చెబితే మాత్రం చెవికెక్కలేదు.

ఇప్పుడు తాతయ్య చేత డిస్కవరీ చూపించాలని పట్టుబట్టింది. జుట్టున్న సీజన్ అయితేనే చూస్తానంటున్నారాయన.