డాబా మీద సోలార్, మీటరు మీద అమ్మ పేరు: నా అనుభవం

ఈ వారమే మా ఇంటికి నెట్ మీటరు బిగించారు, అంటే మనం వాడిన కరెంటునీ డాబా మీది సోలార్ నుంచి బయటికి పంపిన కరెంటునీ లెక్కగట్టే మీటరు. దానికోసం ఆఫీసుల్లో పడ్డ పాట్ల మీద కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గరి పల్లె. మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వెళ్తే ఆంధ్ర. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసుల్లో కాగితం ఒడియా. కింద టిఫిన్ హోటల్, పైన మా ఇల్లు.

హోటల్లో పర్యావరణానికీ ఆరోగ్యానికీ మేలు చేసే మార్పులు సులువుగానే అయిపోయాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల మీద 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. మేము అడ్డాకు విస్తళ్లకీ డొప్పలకీ మారాం. కొండల్లోంచి సవర ఆడవాళ్లు సంతకి తెస్తారు, బేరం ఆడకుండా కొంటాం. పార్సిల్‌కి గిన్నె తెచ్చుకున్నవాళ్లకి చట్నీ ఒక గరిటె ఎక్కువ పోస్తాం. కూరగాయల తొక్కలు పశువులకి పోతాయి. బజ్జీల నూనె మళ్లీ మళ్లీ కాచడం మానేశాం, అది తినేవాళ్ల ఒంటికి మంచిది కాదు. మా వీధిలో ఇవన్నీ ముందు మొదలుపెట్టింది మేమే.

ఆ తర్వాత సోలార్ మీద పడ్డాం. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకి కిలోవాటుకి 30 వేల రూపాయలు, మూడో కిలోవాటుకి 18 వేలు కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. అంటే 3 కిలోవాట్లకి 78 వేలు, ఆపైన ఎంత పెట్టుకున్నా అంతే. ఒడిశా ప్రభుత్వం 3 కిలోవాట్లకి తన వంతు 60 వేలు కలుపుతుంది. అయితే ఇది ఇంటి కనెక్షన్‌కే. కింద హోటల్ది కమర్షియల్ మీటరు, దానికి సబ్సిడీ రాదు. అందుకని ఇంటి మీటరుకే దరఖాస్తు పెడదామనుకున్నాం. ఆ మీటరు చనిపోయిన మా నాన్న పేరు మీద ఉంది. దరఖాస్తు అమ్మ పేరున పెట్టాలంటే ముందు మీటరు అమ్మ పేరుకి మారాలి, దానికి వారసుల సర్టిఫికెట్ తెమ్మన్నారు.

నాన్న పేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంది. కరెంటు బిల్లులో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరం. ఖతియాన్‌లో, అంటే ఇక్కడి భూమి హక్కు పత్రంలో, ఇంటిపేరు పూర్తిగా, ఒడియా లిపిలో. ఆధార్‌లో ఇంటిపేరు చివర. మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరే లేదు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఒడియావాళ్లకి వెనకుంటుంది. రాసినవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. సరిహద్దులో ఉన్న తెలుగు ఇళ్లలో ఈ తంటా లేని ఇల్లు ఉంటుందని నేననుకోను.

వారసుల సర్టిఫికెట్ కోసం అమ్మని తీసుకుని ఒక ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన కాగితాలు తిరగేసి, ఇవి ఒక మనిషివి కావు, నలుగురివి అన్నాడు. అమ్మ ఒడియాలో చెప్పబోయి తడబడింది. ‘‘తెలుగువాళ్లకి ఇక్కడేం పని? నది దాటి వెళ్లి అక్కడే తెచ్చుకోండి’’ అన్నాడు, వరసలో ఉన్నవాళ్లంతా వినేలా. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అమ్మ మాట్లాడకుండా కొంగు సర్దుకుని పక్కకి జరిగింది. అరవై దాటిన మనిషి, తెల్లారగట్ల లేచి ఎంతోమందికి అన్నం పెట్టిన మనిషి.

ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది. పర్లాకిమిడి ఇటు వచ్చింది. అప్పటికే మా ముత్తాత ఇక్కడ శిస్తు కడుతున్నాడు, రసీదు మా ఇంట్లో ఉంది. మేం ఇక్కడే ఓటు వేస్తున్నాం, ఇక్కడే పన్ను కడుతున్నాం. బల్ల అవతల కూర్చున్న మనిషి జీతంలో మా డబ్బు కూడా ఉంది. పని తెలియకపోతే తెలియదని చెప్పాలి గానీ మనిషి భాషని ఎత్తిచూపే హక్కు ఎవరికీ లేదు.

గేటు దగ్గర ఒక బ్రోకరు పట్టుకుని, అయిదు వేలిస్తే అంతా తను చూసుకుంటానన్నాడు. ఇవ్వలేదు. మీరూ ఇవ్వకండి. ఒకరు ఇస్తే వెనకొచ్చే పదిమందికీ అదే రేటవుతుంది.

దారి చూపించింది ఒక ముసలి నోటరీ. నాలుగు రకాల పేర్లూ వరసగా రాయించి, ఇవన్నీ ఒకే మనిషివని ఒడియాలో అఫిడవిట్ చేయించాడు. సర్టిఫికెట్ దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టి రసీదు నంబరు దాచుకున్నాను. కౌంటర్లో చేతికిచ్చిన కాగితం పోయిందంటారు, నంబరు పోదు. టెక్కలి నుంచి అక్కా బావా వచ్చారు, అక్క తనకి అభ్యంతరం లేదని సంతకం పెట్టింది.

విచారణకి ఒకాయన వచ్చింది సరిగ్గా ఇడ్లీలు దించే వేళకి. హోటల్లో జనం ముందే అమ్మని నిలబెట్టి, మీ ఆయనకి ఇంకో భార్య ఉందా, పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే కావచ్చు, ఇంట్లోకి పిలిచి అడగొచ్చు కదా. అమ్మ గరిటె పక్కన పెట్టి, ‘‘ఏటి బాబూ, నలభై ఏళ్లు కాపురం చేసిన ఇల్లు ఇదే. ఊరంతా ఇక్కడే కూచుని తింటంది, ఎవులినైనా అడుగు’’ అంది. తినేవాళ్లే చేతులు కడుక్కుని వచ్చి సాక్షి సంతకాలు పెట్టారు. వాళ్లలో ఒడియావాళ్లే ఎక్కువ, అది కూడా రాయాలి.

సర్టిఫికెట్ వచ్చాక మీటరు పేరు గొడవ లేకుండా మారింది. 10 కిలోవాట్ల లోపు సోలార్‌కి సాంకేతిక పరిశీలన అక్కర్లేదని 2024లో నిబంధన మార్చారు, కాబట్టి ఆ మెట్టూ లేదు. పలకలు ఎక్కించడం ఒక్కపూట పని.

బిగించేవాళ్లని మాత్రం రెండు విషయాలు గట్టిగా అడగండి. ఒకటి, స్టాండ్లు ఎంత గాలికి ఆగుతాయని. 2018 అక్టోబరు తిత్లీ తుపానుకి మా జిల్లా ఎంత నష్టపోయిందో చూసినవాణ్ణి, అందుకే కాళ్లని కాంక్రీటులో వేయించాను. రెండోది, కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కి షాక్ కొట్టకుండా, పలకల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనే ఆగిపోతుంది. బ్యాటరీ లేకపోతే అంతే. ఈ సంగతి అమ్మేవాళ్లు చాలామంది ముందు చెప్పరు. సబ్సిడీ కావాలంటే సెల్స్ కూడా మన దేశంలో తయారైన పలకలే పెట్టించాలి, బిల్లులో ఆ మాట రాయించుకోండి.

మామూలుగా 3 కిలోవాట్లకి రోజుకి 12 యూనిట్ల దాకా వస్తాయంటారు. మబ్బు లేని రోజు మాకు అంతకి దగ్గరగానే చూపిస్తోంది. సబ్సిడీ పడగానే హోటల్లో 75 వాట్ల పాత ఫ్యాన్లు తీసేసి తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్లు వేయిస్తాను. అక్క కూడా సోలార్ పెట్టిస్తానంటోంది. వాళ్ల మీటరు బావ వాళ్ల నాన్నగారి పేరు మీద ఉంది. పెద్దాయన ఓపికగా తిరుగుతున్నప్పుడే తీసుకెళ్లి ముందు పేరు మార్పించమని బావకి చెప్పాను, సోమవారం వెళ్తామన్నాడు.