జంతువుల టారో డెక్: బొమ్మ కుదిరింది, అట్ట కుదరడం లేదు

మళ్లీ లేచాయి. రాత్రి ఏసీ గదిలో బల్లపరుపుగా పడుకున్న టారో కార్డులు (జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల కార్డులు), పొద్దున్న బాల్కనీ తలుపు తీసి కాఫీ తాగి వచ్చేలోపు రెండు కొసలూ పైకెత్తేశాయి. గాజు పలక మీద బొమ్మ పైకి ఉండేలా పెట్టి, కొస దగ్గర స్టీలు స్కేలు నిలబెడితే 5 మిల్లీమీటర్లు. విశాఖలో, అదీ సముద్రానికి కూతవేటు దూరంలో, ఆగస్టులో అట్టముక్కలతో సరదా పెట్టుకుంటే ఇంతేనేమో. కానీ ఎంతో వెతికి తెచ్చుకున్న డెక్ కదా, ఒళ్లు మండుతోంది.

ఎంపిక సంగతి ముందు చెప్పేస్తాను. జంతువుల టారో అని వెతికితే వచ్చేవాటిలో చాలావి అసలు టారోలే కావు, ఒరాకిల్ డెక్‌లు. మెడిసిన్ కార్డ్స్, డ్రూయిడ్ యానిమల్ ఒరాకిల్ అందమైనవే, కానీ వాటిలో కార్డుల సంఖ్యా పేర్లూ గీసినవాళ్ల ఇష్టం; టారోలో ఉండే 22 మేజర్ కార్డులు, స్వోర్డ్స్ (కత్తులు), కప్స్ (పాత్రలు), వాండ్స్ (కర్రలు), పెంటకిల్స్ (నాణేలు) అనే నాలుగు రంగుల 56 మైనర్ కార్డులు అనే లెక్క ఉండదు. అన్నిటికన్నా తికమక వైల్డ్ అన్‌నోన్‌తో. కిమ్ క్రాన్స్ గీసిన టారో వేరు, అదే పేరు మీద వచ్చిన యానిమల్ స్పిరిట్ డెక్ వేరు. రెండోది 63 కార్డుల ఒరాకిల్. డబ్బు కట్టేముందు పెట్టె మీద 78 ఉందో లేదో చూసుకుంటే చాలు.

వైల్డ్ అన్‌నోన్ టారో నాకు ఇష్టమే. స్వోర్డ్స్‌కి గుడ్లగూబలు, కప్స్‌కి హంసలు, వాండ్స్‌కి పాములు, పెంటకిల్స్‌కి జింకలు. రాజూ రాణీ బదులు తండ్రి, తల్లి, కొడుకు, కూతురు. ఏకాంతవాసి హెర్మిట్‌గా తాబేలు, తలకిందులుగా వేలాడే హ్యాంగ్డ్ మ్యాన్‌గా గబ్బిలం. ఇంతకంటే సూటిగా ఎవరు చెప్తారు? కానీ మైనర్లలో చాలాచోట్ల కొమ్మలూ గీతలే మిగులుతాయి. నాకు ప్రతి ముక్కలోనూ ప్రాణి ఉండాలి. వైల్డ్‌వుడ్‌లో కోర్టు కార్డులు (రాజు, రాణి లాంటివి) జంతువులే, మిగతా వాటిలో మనుషులు బాగా తిరుగుతుంటారు. యానిమల్ టోటెమ్ టారోలో అడిగినన్ని జంతువులున్నాయి గానీ ఆ బొమ్మల తీరు నాకు పట్టలేదు. అది రుచి సంగతి, వాదన లేదు.

నా పరీక్ష ఒక్కటే: నైన్ ఆఫ్ స్వోర్డ్స్. ఇప్పటి చాలా టారోలకి మూలమైన 1909 నాటి రైడర్ డెక్‌లో చిత్రకారిణి పమేలా కోల్మన్ స్మిత్ జంతువుల్ని ఎంత పొదుపుగా వాడిందో చూడండి. క్వీన్ ఆఫ్ వాండ్స్ కాళ్ల దగ్గర నల్లపిల్లి, క్వీన్ ఆఫ్ పెంటకిల్స్ పక్కన కుందేలు, నైన్ ఆఫ్ పెంటకిల్స్‌లో చేతి మీద కళ్లకు గంత కట్టిన డేగ, కింద నేల మీద నత్త. అక్కడ జంతువు మనిషికి తోడు. మనిషిని తీసేసి ఆ బరువంతా జంతువు మీద పెట్టాలంటే కష్టం. అర్ధరాత్రి పక్క మీద లేచి కూర్చుని చేతుల్లో మొహం దాచుకున్న మనిషిని ఏ జంతువుతో చెప్తాం? చాలా డెక్‌లు తొమ్మిది కత్తులు వరసగా గీసి, మధ్యలో ఏదో ఒక దిగులు మొహాన్ని కూర్చోబెట్టి ఊరుకుంటాయి. దొంగబుద్ధి చూపే సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్‌కి నక్కని పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది, దానికి మార్కుల్లేవు.

చివరికి తీసుకున్నది ఒక చిత్రకారిణి సొంతంగా అచ్చువేయించుకున్న డెక్. పేరు చెప్పను, ఎందుకంటే కింద అట్ట గురించి చెప్పబోయేదంతా ఫిర్యాదే. నైన్ ఆఫ్ స్వోర్డ్స్‌లో బొరియలో కుందేలు. మిగతా పిల్లలన్నీ నిద్రలో ఉన్నాయి, దానికొక్కదానికే కళ్లు తెరిచి ఉన్నాయి, ఒక చెవి లేచి ఉంది. కత్తులు ఎక్కడా లేవు, పైన నేలలోంచి దిగిన తొమ్మిది వేళ్లున్నాయి. ఆ కార్డు చూశాక మరో డెక్ వెతకలేదు.

అంచులకి నల్ల సిరా పట్టించడం మొదటిసారికే కుదిరింది. ఇక వంపు.

కార్డు 70 బై 120 మిల్లీమీటర్లు, మందం వెర్నియర్ మీద 0.40. బొమ్మ వైపు నిగనిగలాడే పూత, వెనక వైపు మామూలు కాగితంలాంటి మ్యాట్. కట్ట మొత్తం నొక్కి పట్టుకుంటే 31 మిల్లీమీటర్ల ఎత్తు, వదిలేస్తే 38. బయట తేమ 80 శాతం దాటితే కొసలు లేస్తాయి, ఏసీ గదిలో 50 దగ్గర రాత్రంతా ఉంచితే సాపు అవుతాయి, సిలికా జెల్ సంచులు వేసిన డబ్బాలో 40కి దింపితే ఇటు తిరిగి నడుము 2 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. తేమ లెక్కల మీద అనుమానం ఉంటుంది కాబట్టి హైగ్రోమీటర్‌కి ఉప్పు పరీక్ష పెట్టాను. తడిపిన ఉప్పుతో మూత బిగించిన డబ్బాలో అది 75 చూపించాలి, నాది 78 చూపించింది. పైన చెప్పినవన్నీ 3 తీసేసిన అంకెలు.

రెండు వైపులకీ తిరుగుతోందంటే బరువు పెట్టకపోవడం వల్ల వచ్చిన వంపు కాదు. నా లెక్క ఇది: బొమ్మ వైపు పూత తేమని ఆపుతోంది, వెనక వైపు తాగుతోంది. తేమ తాగిన వైపు సాగుతుంది, కార్డు పొడి వైపుకి వంగుతుంది. ఆరితే వెనక వైపు కుంచించుకుపోయి అటు లాగుతుంది. ఏ వైపు లేస్తుందో, ఎప్పుడు లేస్తుందో ఈ లెక్కతో సరిగ్గా సరిపోతోంది.

ఇంకో సంగతి బయటపడింది, అసలు కోపం దీని మీదే. డెక్‌తో అదనంగా వచ్చిన పేరు కార్డు ముక్కని ఒకవైపు తడిపి చూస్తే గొట్టంలా చుట్టుకుంది, ఆ గొట్టం కార్డు అడ్డం వెంట ఉంది. అంటే అట్టలో పీచు అడ్డంగా పోతోంది. పీచు తేమకి లావెక్కుతుంది గానీ పొడవు పెద్దగా పెరగదు. పీచు అడ్డంగా ఉంటే కార్డు సాగేది నిలువున, 120 మిల్లీమీటర్ల వెంట. అదే పీచు నిలువుగా ఉండి ఉంటే వంపు 70 మిల్లీమీటర్ల మీద పడేది. ఒకే గుండ్రటి వంపుకి కొస లేచే ఎత్తు పొడవు వర్గాన్ని బట్టి ఉంటుంది. 70ని 120తో భాగించి వర్గం చేస్తే 0.34. ఇప్పుడు 5 మిల్లీమీటర్లు లేస్తున్నది 1.7 దగ్గర ఆగేది. 1.7ని పేక కలిపే చెయ్యి పట్టించుకోదు. అచ్చుకి పెద్ద షీటు మీద కార్డులు పరిచేటప్పుడు అడ్డంగా పెడితే నాలుగు ఎక్కువ పడతాయని అలా చేసి ఉంటారు. ఇది నా ఊహే, కానీ అట్ట చెప్పే సాక్ష్యం మాత్రం అదే.

వంగితే ఏమైంది, చదవలేమా అంటారు. చదవొచ్చు, కానీ కోత చెడుతుంది. అన్ని కార్డులూ ఒకేలా వంగడం లేదు. తెల్లటి నేపథ్యం ఉన్నవి 4.5 లేస్తే, మొత్తం నల్ల సిరాతో నిండిన, తోడేళ్ల బొమ్మ ఉన్న మూన్ కార్డు 6 లేస్తోంది. కట్టని బల్ల మీద పెట్టి కోస్తే వేలు ఆ సందులోకే పోతుంది. వరసగా తోడేళ్లే వస్తుంటే మొదట్లో నాకూ ఒళ్లు జలదరించింది, తర్వాత స్కేలు తెచ్చాను. అంచు సిరా వల్లేమో అని కూడా అనుకున్నాను. సిరా తగలని పేరు కార్డు కూడా అంతే లేచింది, కాబట్టి అది కాదు.

చేసినవి ఇవీ. బరువు: పాత నిఘంటువులు రెండు, సుమారు 4 కిలోలు. పొద్దున్నకి సాపు, సాయంత్రానికి యథాప్రకారం. వెనక్కి వంచి సర్దడం: పీచు అలసిపోయి కాసేపు మాట వింటుంది, అంచుల దగ్గర పూత పగలడం మొదలెడుతుంది, ఆపేశాను. సగం కార్డుల్ని బోర్లా పెట్టి ఎదురెదురుగా దాచడం: పెట్టెలో బాగుంటుంది, బయటికి తీశాక ఏ ఉపయోగమూ లేదు. ప్లాస్టిక్ తొడుగులు: కట్ట 31 నుంచి 46 మిల్లీమీటర్లకి పెరిగింది, చేతిలో ఆగదు, పైగా జారుడు. తొడుగులేసిన టారో నాకు పప్పులో ఉప్పు లేనట్టే. అమ్మ అయితే బియ్యం డబ్బాలో పెట్టమంది. బియ్యంలో పెట్టాను కూడా, 62 దగ్గర ఆగింది, కానీ నైట్ ఆఫ్ కప్స్‌కి తవుడు అంటింది.

అన్నిటికన్నా పనిచేసింది గిటార్ వాళ్లు వాడే బోవెడా 49 శాతం ప్యాకెట్. గాలి చొరని డబ్బాలో కట్టతో పాటు వేస్తే తేమ ఎక్కువైతే పీల్చుకుంటుంది, తక్కువైతే వదులుతుంది. డబ్బాలో కార్డులు గీత గీసినట్టు ఉంటున్నాయి. సిలికా జెల్‌కి ఈ తెలివి లేదు, అది ఎండబెట్టుకుంటూ పోతుంది, అంతే. చిక్కు బయటికి తీశాక. 78 శాతం తేమలో బల్ల మీద పరిస్తే పావుగంటకి 1 మిల్లీమీటరు, అరగంటకి 2.5, గంటకి 4 దాటుతుంది. పది కార్డుల కెల్టిక్ క్రాస్ వేసి తాపీగా ఆలోచించేలోపు మొదటి కార్డు తల ఎగరేస్తుంది.

అంచేత వెనక వైపుకి కూడా పూత వేసి రెండు పక్కలనీ సమానం చేయాలన్నది ప్రస్తుత ప్రయత్నం. అదనపు కార్డు వెనక యాక్రిలిక్ మ్యాట్ స్ప్రే పలచగా రెండు పొరలు వేశాను. మందం 0.40 నుంచి 0.43. వంపు గంటకి 4 నుంచి 1.5కి దిగింది! అనుకున్న లెక్క నిజమని తేలింది, గెంతులేయాల్సిన మాట. కానీ రెండు కార్డుల్ని వెనక వైపులు కలిపి నిఘంటువు కింద ఒక రాత్రి పెడితే అతుక్కున్నాయి. విడదీస్తే చర్మం ఒలిచిన చప్పుడు. వారం ఆరబెట్టాక కూడా 80 శాతంలో అదే జిగురు. ఫ్యానింగ్ పౌడర్ జల్లితే జారుతున్నాయి గానీ, నల్ల అంచుల మీద తెల్లటి మచ్చలు. తేమలో స్ప్రే చేస్తే పూత లోపల నీరు చిక్కుకుని సరిగ్గా గట్టిపడదని నా అనుమానం. డబ్బా మీద వాళ్లు రాసిన ఆరే సమయం పొడి ఊళ్లకి రాసింది, మనకి కాదు. తర్వాతి ముక్కని ఏసీ గదిలో 50 శాతం దగ్గర స్ప్రే చేసి అక్కడే ఆరబెడతాను. వాసన భరించాలి. అది కూడా అతుక్కుంటే మైక్రోక్రిస్టలైన్ మైనం, మెత్తటి గుడ్డతో వెనక వైపు మాత్రమే. మైనం జారుతుంది కాబట్టి అతుక్కునే బాధ ఉండకపోవచ్చు, తేమని ఎంత ఆపుతుందో కొలవాలి. పేరు కార్డు అయిపోయింది, చిత్రకారిణి పరిచయం కార్డు ఒక్కటే మిగిలింది. అది కూడా అయిపోతే టూ ఆఫ్ వాండ్స్ మీద పడతాను, దాని మీద నాకు పెద్ద ప్రేమ లేదు.

పీవీసీ డెక్ కొనుక్కోవచ్చుగా అంటారు. నీళ్లలో ముంచినా వంగదు, నిజమే. కానీ కలిపేటప్పుడు ఆ టకటక చప్పుడు, అరచేతికి అంటుకునే చెమట. హోటల్ మెనూ కార్డు తిరగేస్తున్నట్టుంటుంది.

ఈ గొడవలో ఒక మేలు జరిగింది. ఏ అట్ట కావాలో తెలిసింది కాబట్టి సొంత డెక్ పని ముందుకి జరుగుతోంది. మన ప్రాణులతో. జడ్జిమెంట్ ఎప్పుడో తేలిపోయింది: కలివి కోడి. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న పక్షి 1986లో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర మళ్లీ దొరికింది. సమాధిలోంచి లేవడం అంటే అదే కదా. డబ్బుని గట్టిగా పట్టుకుని వదలని ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ ఉడుము, కారణం చెప్పక్కర్లేదు. కింగ్ ఆఫ్ పెంటకిల్స్ సింహాసనం మీద రైడర్ డెక్‌లోనే ఎద్దు తలలున్నాయి, ఒంగోలు గిత్త దర్జాగా కూర్చుంటుంది. పేజ్ ఆఫ్ కప్స్ కప్పులోంచి తొంగిచూసే చేపకి కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టే బావురుపిల్లి ఎదురు. నైన్ ఆఫ్ స్వోర్డ్స్ శేషాచలం దేవాంగపిల్లి. ఆ కళ్లు చూస్తే ఎన్ని రాత్రులు నిద్రపోలేదో అనిపిస్తుంది.

చిలక దగ్గర మాత్రం వారం రోజులు ఆగిపోయాను. కార్డు లాగి జాతకం చెప్పే పక్షి టారోలో లేకపోతే ఎలా? వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ అని గీయడం మొదలెట్టాను. గీస్తుంటే పంజరం ఊచలు లెక్కకి వచ్చాయి. 1972 వన్యప్రాణి చట్టం కింద రామచిలకని పంజరంలో పెట్టడం నేరం, ఆంధ్రప్రదేశ్‌కి అది రాష్ట్ర పక్షి కూడా. రోజంతా ఇతరుల అదృష్టం బయటికి లాగి మళ్లీ లోపలికి నడిచి వెళ్లే పక్షి. అది ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ (కట్టేసిన మనిషి చుట్టూ ఎనిమిది కత్తులున్న కార్డు), ఎనిమిది ఊచలు. వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ మళ్లీ ఖాళీ. బల్లి పెడదామా అని చూస్తున్నాను, ఒంటి మీద ఎక్కడ పడితే ఏం ఫలమో పంచాంగంలో అచ్చవుతూనే ఉంది కదా. డెవిల్‌కి గంగిరెద్దు అనుకున్నాను, ముకుతాడు ఉంది, తల ఊపడం ఉంది, కానీ గంగిరెద్దుల వాళ్లని డెవిల్ పక్కన నిలబెట్టడం అన్యాయంగా తోచి మతగురువు కార్డు హైరోఫాంట్‌కి మార్చాను. డెవిల్‌కి ఎవరైనా మంచి ప్రాణిని చెప్పండి, మేక వద్దు.

అచ్చు దుకాణంలో ఈసారి అడగబోయేవి మూడే: 310 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) బ్లాక్ కోర్ (మధ్యలో నల్ల పొర ఉన్న) అట్ట, రెండు వైపులా ఒకే పూత, పీచు 120 మిల్లీమీటర్ల వైపు నిలువుగా. మూడోది చెప్తే కౌంటర్ దగ్గర అబ్బాయి నా వైపు వింతగా చూస్తాడని తెలుసు. ముందు ఖాళీ అట్ట రెండు షీట్లు తెచ్చి, పీచు అటూ ఇటూగా చెరో పది ముక్కలు కోసి, ఇదే బాల్కనీలో పెట్టి కొలుస్తాను. 0.34 వస్తుందో లేదో అప్పుడు రాస్తాను.